మెట్రో ఎక్కడానికి పద్నాలుగు పాయింట్లు

హైదరాబాదులో మెట్రో రైలు ఎక్కడం ఎలాగో మా తమ్ముడు నాకు రాసి పంపాడు. మొత్తం పద్నాలుగు పాయింట్లు. వాడు నాకు పంపిన మెసేజీలన్నిటిలోకీ పొడవైనది అదే. అంతకుముందువన్నీ ‘సరే అక్కా’, ‘పనిలో ఉన్నా అక్కా’, ‘మళ్లీ చేస్తా’ లాంటివి.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన జమ్మలమడుగు దగ్గర బండల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. గనుల నుంచి వచ్చిన నల్ల నాపరాళ్లను మిషను కింద పెట్టి కోయడం, నున్నగా పాలిష్ పట్టడం ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి ఉండేది. ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆయన అడగలేదు. ముందు దగ్గు మొదలైంది. తర్వాత ఆయాసం. నా ఉద్యోగం కోసం ప్రొద్దుటూరుకు మారాక మా అద్దె ఇల్లు మేడ మీద. పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగి గోడ పట్టుకొని నిలబడటం మొదలుపెట్టాక, ప్రొద్దుటూరులో డాక్టరుకు చూపించాం. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకొని చాలాసేపు చూసి, హైదరాబాదుకు తీసుకుపొమ్మన్నాడు.

హైదరాబాదు అనగానే నాకు ధైర్యం వచ్చింది. తమ్ముడు ఉన్నాడు.

వాడు నాకన్నా పదకొండేళ్లు చిన్న. పులివెందుల దగ్గర మా పల్లెలో అమ్మ పోయేనాటికి వాడికి అయిదేళ్లు. నాకు పెళ్లయి జమ్మలమడుగుకు వస్తూ వాడినీ వెంట తెచ్చుకున్నాను. అత్తగారింటికి తమ్ముణ్ణి తోడు తెచ్చుకునే పెళ్లికూతుర్ని ఎవరూ మెచ్చుకోరు. మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. రోజూ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకొని వాణ్ణి బడి దగ్గర దించి, తర్వాత ఫ్యాక్టరీకి పోయేవాడు. వాడికి సైకిలు నేర్పిందీ, పెన్నాలో ఈత కొట్టే చోట్లు చూపించిందీ ఆయనే. వాడు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన రోజు, మా ఆయన ఫ్యాక్టరీలో అందరికీ మిఠాయి పంచాడు.

ఫోన్ చేసి విషయం చెబితే తమ్ముడు వెంటనే, “తీసుకొచ్చేయ్ అక్కా. నేనున్నాను కదా,” అన్నాడు. ఆ మాట చాలు అనుకున్నాను. బస్సు దిగేచోటికి వస్తావా అని నేను వాడిని అడగలేదు. అడగాల్సిన విషయమని తోచలేదు.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు మెసేజీ వచ్చింది. బస్టాండులో దిగాక మెట్రో స్టేషనుకు ఎటు నడవాలి, కౌంటరు దగ్గర ఏమని అడగాలి, సంచులు ఎక్కడ మిషనులో పెట్టాలి, గేటు దగ్గర టోకెన్ ఎలా తాకించాలి, మియాపూర్ అని రాసి ఉన్న వైపు నిలబడాలి, పసుపు గీత దాటకూడదు, అమీర్‌పేటలో దిగి మెట్లెక్కి ఇంకో రైలుకు మారాలి. అన్నీ వరుసగా. నాలుగో పాయింటు ఇలా ఉంది: ‘టోకెన్ బద్రంగా పెట్టుకోవలెను. బయటికి వచ్చేటప్పుడు గేటులో వేయవలెను.’

ఆ ‘బద్రంగా’ చూసి నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. ‘భ’ దగ్గర ఒత్తు మరిచిపోయేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒకసారి కోపం వచ్చి స్కేలుతో చేతి మీద కొట్టాను కూడా. ఉద్యోగాలు చేస్తూ, ఇంగ్లీషులో మాట్లాడుతూ, అక్క కోసం కూర్చొని తెలుగులో ఇంత రాశాడు, ఒత్తు మాత్రం ఇప్పటికీ పెట్టలేదు అనుకున్నాను. మా ఆయనకు చదివి వినిపించాను.

“ఎంత ఓపికగా రాసినాడో సూడు,” అన్నాడు ఆయన. “వాడు రాల్యాకపోయినా మనం పోతాం లే. వానికి ఆఫీసు ఉంటాది గదా.”

రాడన్న సంగతి ఆయనకు నాకన్నా ముందే అర్థమైంది. మెసేజీ వచ్చిందంటేనే మనిషి రాడని. ఫోనులో అక్షరాలు చిన్నగా ఉన్నాయని నేను ఆ పద్నాలుగు పాయింట్లనూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఎత్తి రాశాను. రోజూ పిల్లల నోటుబుక్కులు దిద్దే చెయ్యి. అయినా ‘బద్రంగా’ను దిద్దలేదు. అలాగే రాశాను.

రాత్రి బస్సెక్కి, బాగా పొద్దెక్కాక హైదరాబాదులో దిగాం. ఒకప్పుడు అది మన రాజధాని, ఇప్పుడు పక్క రాష్ట్రం, కానీ మా జిల్లా మనుషులు బస్టాండు నిండా ఉన్నారు. ఒకటో పాయింటు నుంచి అయిదో పాయింటు దాకా ఏ తప్పూ లేకుండా జరిగిపోయింది. సంచులు మిషనులోంచి అవతలికి వచ్చాయి. గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలు రెండు చేతికిచ్చారు. తాకిస్తే గేటు తెరుచుకుంది. కష్టమల్లా పైకి ఎక్కడమే. పక్కన కదిలే మెట్లు ఉన్నాయిగానీ మా ఆయన వాటిని చూసి వెనక్కి తగ్గాడు. కాలు ఎప్పుడు పెట్టాలో తెలియక నేనూ తగ్గాను. మామూలు మెట్లే ఎక్కాం. ఆరు మెట్లకు ఒకసారి ఆగుతూ ఎక్కాడు. రైల్లో ఎవరో లేచి సీటు ఇచ్చారు. అక్కడ ఊపిరి కుదుటపడింది. ఊరంతా కిటికీ కింద పోతుంటే చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు. నేను కాగితం చూసుకుంటూ స్టేషన్లు లెక్కపెట్టుకున్నాను.

అమీర్‌పేటలో దిగేసరికి ఆఫీసులకు పోయేవాళ్ల వేళ అయింది. జనం ఒక్క ఉదుటున బయటికి తోసుకొచ్చారు. తొమ్మిదో పాయింటు: ‘మెట్లెక్కి, నీలిరంగు గీతల వెంట నడిచి, రాయదుర్గం వైపు రైలు ఎక్కవలెను.’ మెట్లు మొదలుపెట్టాం. సగం ఎక్కాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. మరుక్షణం మెట్టు మీద కూలబడ్డాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు, గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. జనం మమ్మల్ని తప్పించుకొని రెండు పక్కల నుంచీ ఎక్కిపోతున్నారు. ఒకరి బ్యాగు ఆయన తలకు తగిలింది. ఆ మనిషి సారీ చెప్పి పోయాడు.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మూడోసారి కట్ చేసి మెసేజీ పెట్టాడు: ‘మీటింగ్‌లో ఉన్నా అక్కా. ఎక్కడున్నారు?’ అమీర్‌పేట మెట్ల దగ్గర ఉన్నాం అని కొట్టి పంపాను. బదులు వచ్చింది: ‘9వ పాయింట్ చూడు.’

అది చదివి నేను ఏమీ అనుకోలేదు. అనుకునే తీరిక లేదు. నిజంగానే కాగితం తీసి తొమ్మిదో పాయింటు చూశాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మనిషి మెట్ల మీద ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను కాగితంలో పాయింటు వెతికాను.

అప్పుడు యూనిఫారంలో ఉన్న సెక్యూరిటీ ఆమె కిందికి దిగొచ్చింది. నడివయసు మనిషి. ఆయన్ని చూసి, నన్ను చూసి, “లిఫ్టుల రాకుండ మెట్లెందుకెక్కిన్రమ్మా?” అంది.

“లిఫ్టు ఉందా?” అన్నాను.

“ప్రతి స్టేషన్ల ఉంటది.”

ఆమె చెయ్యి ఊపితే ఇంకో మనిషి చక్రాల కుర్చీ తెచ్చాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని పట్టుకొని కిందికి దించి, కుర్చీలో కూర్చోబెట్టి, లిఫ్టులో పైకి తీసుకుపోయారు. ఫ్యాను ఉన్న చోట ఆపి, ఆమె తన సీసాలోంచి నీళ్లు పోసిచ్చింది. ఊపిరి దారికి రావడానికి చాలాసేపు పట్టింది. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె పనికి పోయి మధ్యమధ్యలో వచ్చి చూసి వెళ్లింది. మేము ఎక్కేటప్పుడు బోగీ తలుపు దాకా వచ్చి, దిగేచోట కూడా కుర్చీ తెచ్చి పెట్టమని ఫోనులో చెప్పింది. ఆమె ఊరేదో అడగాలని కూడా నాకు తోచలేదు.

దిగాల్సిన స్టేషనులో గేటు తెరుచుకోలేదు. టోకెన్ వేస్తే ఎర్ర లైటు వెలిగింది. వెనక జనం ఆగిపోయారు. దొంగతనం చేసి పట్టుబడినట్టు అయింది నాకు. పక్కనున్న అతను కౌంటరుకు పొమ్మన్నాడు. లోపల ఉండాల్సిన సమయం కన్నా ఎక్కువ ఉన్నామనీ, అలా ఉంటే గేటు తెరుచుకోదనీ కౌంటరులో అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. కుర్చీలోని మనిషిని చూసి ఇంకేమీ అడగకుండా అవతలి వెడల్పాటి గేటులోంచి పంపించాడు.

తమ్ముడి ఇంటి తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర ఉంది. అది పద్నాలుగో పాయింటు. వాడు సాయంత్రం వచ్చి, “మెట్రో సులువుగా ఉంది కదా బావా?” అని అడిగాడు. మా ఆయన నావైపు ఒకసారి చూసి, “శానా బాగుంది అబ్బీ,” అన్నాడు. నేను వంటింట్లోకి పోయాను.

ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు చెప్పింది పెద్ద మాటేమీ కాదు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది, అది ఇక బయటికి రాదు, ఇంకా గట్టిపడకుండా చూసుకోవాలి. నెలకొకసారి రమ్మన్నాడు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆస్పత్రి క్యాంటీనులో ఒక పెద్దాయన కలిశాడు. పులివెందుల మనిషి, అరటి తోట ఉందట. భార్యకు చూపించడానికి తెచ్చాడు. మాట వినగానే మన వైపు మనిషని తెలిసిపోయింది. మాటల్లో, ఇక్కడ తిరగడం ఎట్లా నేర్చుకున్నావు మామా అని అడిగాను.

“మా అన్న కొడుకు ఫోన్ల పంపినాడు మ్మా, అన్నీ వరసగా రాసి. యాడ ఎక్కల్ల, యాడ దిగల్ల. నాకు కండ్లు కనపడవు, సదివి సెప్పు,” అని ఫోను నా చేతికిచ్చాడు.

చదవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో పాయింటు దగ్గర ఆగిపోయాను. ‘టోకెన్ బద్రంగా పెట్టుకోవలెను.’ ఒక్క అక్షరం తేడా లేదు. అవే పద్నాలుగు. చివరి పాయింటు మాత్రమే వేరే. ఇంటి తాళంచెవి బదులు ఆస్పత్రి గేటు పేరు ఉంది. ఎవరు ఎప్పుడు ఎవరి కోసం రాశారో దేవుడికి తెలియాలి. ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు తిరుగుతూ, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ఎదురుపోలేని వాళ్లందరికీ అక్కరకొస్తున్నట్టుంది.

పెద్దాయన, “ఏంది మ్మా, ఆగిపోతివి?” అన్నాడు.

“ఏం లేదు మామా,” అని మిగతావి చదివాను. అందులో లేని మాట ఒకటి చెప్పాను. అన్ని స్టేషన్లలో లిఫ్టు ఉంటుందని, గేటు దగ్గర అడిగితే చక్రాల కుర్చీ ఇస్తారని. ఆయన ఆశ్చర్యపోయాడు. భార్యను మోకాళ్ల నొప్పితోనే అన్ని మెట్లూ ఎక్కించాడట.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. తమ్ముడు ఓపికగా కూర్చొని రాశాడన్న సంతోషం ఆయనకు అలాగే ఉండనిచ్చాను. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసంతా చేదుగా అయిపోయింది. రాలేకపోయినందుకు కాదు. ఆఫీసులు, సెలవులు నాకూ తెలుసు. సైకిలు కడ్డీ మీద వాణ్ణి కూర్చోబెట్టుకొని తొక్కిన మనిషి ఆయాసపడుతున్నాడని తెలిసి కూడా, వాడు ఆ మెసేజీ ఒక్కసారి చదువుకొని చూడలేదు. చదివుంటే ‘మెట్లెక్కి’ అన్న మాట దగ్గర ఆగేవాడు. ఆ ఒత్తు లేని అక్షరం చూసి నేను ఏడ్చాను కదా, అది తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత నెలనెలా వెళ్లాం. వాడి ఇంట్లో దిగలేదు. ఆస్పత్రి పక్కనే గది తీసుకునేవాళ్లం. వాడు ఒకసారి యాపిల్ పండ్లతో వచ్చి అరగంట కూర్చొని పోయాడు. ఎందుకు ఇంటికి రావడం లేదని అడగలేదు. నాకు మెట్రో అరచేతిలోకి వచ్చేసింది. ఏ స్టేషనులో లిఫ్టు ఏ మూలన ఉంటుందో, ఏ బోగీ ఎక్కితే లిఫ్టుకు ఎదురుగా దిగుతామో, వెడల్పాటి గేటు ఎక్కడో, ఏ వేళల్లో ఎక్కకూడదో అన్నీ తెలుసు. ఆ ఊర్లో నాకు తెలిసింది అదొక్కటే. చార్మినారు ఎటుందో ఇప్పటికీ తెలియదు.

ప్రొద్దుటూరులో ఎవరైనా హైదరాబాదు ఆస్పత్రికి పోవాలంటే నన్ను అడగడం మొదలుపెట్టారు. బడిలో టీచర్లు, మా వీధిలో బంగారు పని చేసేవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు. నేను మెసేజీలు పంపను. ఎదురుగా కూర్చోబెట్టుకొని, ముందు జబ్బుమనిషి ఎన్ని మెట్లు ఎక్కగలడో అడుగుతాను. దాన్నిబట్టి దారి చెబుతాను. కొందరు విసుక్కుంటారు, స్టేషను పేరు చెబితే చాలు కదా అంటారు. ఒకరోజు ఒకాయనతో, చాలదు, అని గట్టిగానే అన్నాను. ఆయన నొచ్చుకొని మళ్లీ రాలేదు.

పోయిన ఏడాది తమ్ముడు కొత్త ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశానికి పిలవడానికి భార్యతో కలిసి కారులో ప్రొద్దుటూరు వచ్చాడు. అప్పటికి మా ఆయన ఇంట్లో ఆక్సిజన్ మిషను పక్కనే ఉంటున్నాడు. మా వైపు కొత్త ఇంట్లో మొదటగా పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ. తల్లీ, ఇంకో అక్కాచెల్లెలూ లేరు గనక నేను పోకపోతే వాడికి కుదరదు. బస్టాండుకు కారు పంపిస్తానన్నాడు. మూడేళ్లలో ఆ మాట వాడి నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నేను పోనన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు.

“వాని ఇంట్ల పాలు నువ్వు గాక ఇంగెవరు పొంగిస్తారు? పోయిరా. నాకు పక్కింటోళ్లు ఉండారు,” అన్నాడు.

పోయాను. కారు కోసం ఆగకుండా మెట్రోలోనే పోయాను. పాలు పొంగించాను. పొంగు తూర్పుకు వచ్చిందని అందరూ సంతోషపడ్డారు. జమ్మలమడుగు, పులివెందుల నుంచి చుట్టాలు చాలామంది వచ్చారు. హాలులో కూర్చున్నప్పుడు మా చిన్నాన్న, బస్టాండు నుంచి ఒక్కదానివే ఎలా వచ్చావమ్మా అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అందుకున్నాడు.

“మా అక్కకు హైదరాబాద్ అంతా వచ్చు చిన్నాన్నా. మెట్రోలో ఒక్కతే తిరిగేస్తుంది. మొదట్లోనే అన్నీ పాయింట్లుగా రాసిచ్చా కదా, వెంటనే పట్టేసింది.”

అందరూ వాడివైపు మెచ్చుకోలుగా చూశారు. నేను గొంతు పెంచలేదు. వాడు నా చేతుల్లో పెరిగినప్పుడు ఎలా అడిగేదాన్నో అలాగే అడిగాను.

“నువ్వు రాసినావా అబ్బీ అది?”

వాడు నవ్వాడు. “ఎవరు రాస్తే ఏమక్కా, ఉపయోగపడింది కదా?”

“లిఫ్టు ఉంటాదని ఒక్క మాట అందులో ల్యాకపాయె. మీ బావ అమీర్‌పేట మెట్ల మీద ఊపిరాడక పడిపోయినాడు. నీకు ఫోన్ జేస్తే తొమ్మిదో పాయింటు సూడమన్యావు.”

వాడు తెల్లబోయి చూశాడు. వాడికి నిజంగానే గుర్తులేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆ రోజు మేము ఏ స్టేషనులో ఎంతసేపు ఉండిపోయామో వాడికి తెలియదు, తెలుసుకోలేదు. “లిఫ్ట్ ఉంటుందని అందరికీ తెలిసిందే కదా అక్కా,” అన్నాడు.

“మాకు తెల్దు,” అన్నాను.

మరదలు వచ్చి భోజనాలకు లేవమంది. నేను పంక్తిలో కూర్చొని తిన్నాను. తినకుండా వచ్చేయాలనిపించిందిగానీ, పాలు పొంగించిన చేతులతో అలా చేయబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు చీర, పసుపు కుంకుమ పెట్టారు. తమ్ముడు లిఫ్టు దాకా వచ్చి, బటన్ నొక్కాడు. తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత వాడు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. పండుగ మొక్కుబడి మెసేజీలు మాత్రం వస్తుంటాయి, అందరికీ పంపేవే.

అలా నలుగురిలో అడగకుండా ఉండాల్సిందేమో నాకు తెలియదు. అడిగినందుకు మనసు తేలికపడిందా అంటే, పడలేదు.

ప్రొద్దుటూరు చేరేసరికి మా ఆయన మంచం మీద దిండ్లు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. పాలు ఎటు పొంగాయని అడిగాడు. తూర్పుకే అన్నాను. చుట్టాలు ఎవరెవరు వచ్చారని అడిగాడు, చెప్పాను. హాలులో జరిగింది చెప్పలేదు. ఇల్లు ఎంతుందన్నాడు. మూడు గదులు, పన్నెండో అంతస్తు అన్నాను.

ఆయన ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకొని, “గాలి బాగా ఆడతాదా?” అని అడిగాడు.

ఆడుతుందని చెప్పాను.